ఓరుగల్లులో బుధవారం టీకాలు: సర్కారు సేవ ఎట్లుంది?

వరంగల్, హనుమకొండ, కాజీపేట బస్తీల్లోని పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, ఊళ్లలో అయితే ఉపకేంద్రాల్లో, అంగన్‌వాడీల్లో బుధ, శనివారాల్లో పిల్లలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఈ సమీక్ష ఆ సేవ గురించే. మార్కులు ముందే చెప్పేస్తాం. మందుకు, వేసే పద్ధతికి అయిదుకు నాలుగున్నర. కూర్చునే చోటు, రద్దీ, సమయపాలన కలిపి మూడు. తల్లిదండ్రులతో మాట్లాడే తీరుకు రెండు, అది కూడా కొంచెం ఉదారంగానే వేశాం. ఈ చివరి రెండు మార్కులే పై నాలుగున్నరను తినేస్తున్నాయి. టీకా వేయించాలా వద్దా అన్నది ఏఎన్‌ఎం (టీకాలు వేసే నర్సు) టేబుల్ దగ్గర తేలే సంగతి కాదు. నాయినమ్మ పట్టింపు, పక్కింటి పోరనికి వచ్చిన జరం, ఫోన్లో తిరిగే వీడియో, మేనమామ ఇచ్చిన సలహా కలిసి ఇంట్లోనే తేల్చేస్తాయి. సర్కారు సేవ ఆ ఇంటి మాటకు జవాబు చెప్పాల్సిన చోట రిజిస్టర్ నింపుకుంటూ కూర్చుంటోంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో అన్ని టీకాలూ పడినవాళ్లు సుమారు 79 శాతం. మిగతావాళ్లంతా అడవిలో, దారి లేని గూడెంలో ఉన్నారనుకుంటే పొరపాటు. ఆరోగ్య కేంద్రానికి రెండు వీధుల అవతల ఉండి, మొదటి సూది వేయించి, తర్వాత ఆగిపోయినవాళ్లూ ఉంటారు. సేవ బాగోగులు చూడాల్సింది వాళ్ల వైపు నుంచే.

ముందు అక్కడ ఏం దొరుకుతుందో చూద్దాం. మొత్తం 12 జబ్బులకు టీకాలున్నాయి. అందులో మెదడువాపు జ్వరం (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) టీకా మాత్రం ఆ బెడద ఉన్న జిల్లాల్లోనే ఇస్తారు, కాబట్టి మీ జిల్లాలో ఉందో లేదో ఏఎన్‌ఎంను అడగాలి. పుట్టగానే కాన్పు దవాఖానలోనే బీసీజీ (క్షయ టీకా), పోలియో చుక్కలు, 24 గంటల లోపు హెపటైటిస్-బి. ఆ తర్వాత 6 వారాలు, 10 వారాలు, 14 వారాలు. 9 నెలలు నిండాక ఒకసారి, 16 నుంచి 24 నెలల మధ్య మరొకసారి. అయిదేళ్లు దాటాక డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) రెండో బూస్టర్, పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ (ధనుర్వాతం, కంఠసర్పి టీకా). తొమ్మిదో నెలలో ఒక మి.లీ. విటమిన్-ఎ మొదలుపెట్టి, తర్వాత ఆరు నెలలకోసారి రెండు మి.లీ. చొప్పున అయిదేళ్లు నిండేదాకా తొమ్మిది మోతాదులు.

అన్నిటిలో గట్టి పరీక్ష 6 వారాల రోజు. ఆ ఒక్క రోజే రోటావైరస్ మందు నోట్లో వేస్తారు, పోలియో చుక్కలు రెండు వేస్తారు, ఎడమ తొడకు పెంటావలెంట్ (అయిదు జబ్బులకు కలిపిన సూది, పెంటా అన్నా ఇదే), కుడి తొడకు పీసీవీ (న్యుమోనియా టీకా), కుడి భుజానికి చర్మం పొరలో 0.1 మి.లీ. పోలియో సూది పడతాయి. అంటే చుక్కలు పోను మూడు పోట్లు. నెలన్నర పాపకు ఒకేసారి మూడు సూదులు పడతాయని ముందు చెప్పకుండా తీసుకెళ్తే అమ్మమ్మ అక్కడే "ఒక్కటేయున్రి, మిగతయి మళ్లొస్తం" అంటుంది. ఆ మళ్లొచ్చుడు చాలాసార్లు ఉండదు. మూడు కలిపి వేసినందువల్ల టీకాల బలం తగ్గదు, పాప ఒంటికి మోయలేని భారమూ కాదు. విడగొడితే మాత్రం జబ్బు సోకే కాలం పెరుగుతుంది, ఏడుపు మూడు రోజులకు పంచినట్టవుతుంది. 10 వారాలకు ఒక్క సూదే, పెంటా. 14 వారాలకు మళ్లీ మూడు. 9 నెలలకు ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), పీసీవీ బూస్టర్, 2023 నుంచి పోలియో సూది మూడో మోతాదు కూడా చేరింది కాబట్టి అప్పుడూ మూడే (మెదడువాపు టీకా ఇచ్చే జిల్లాల్లో ఇంకొకటి ఎక్కువ). ఈ లెక్క గర్భిణికి ఏడో నెలలోనే చెప్తే సగం గొడవ తగ్గుతుంది. చెప్పే ఏఎన్‌ఎంలు ఉన్నారు, కానీ అది మనిషి మంచితనం మీద నడుస్తోంది, పద్ధతిగా లేదు.

ఇక మందు నాణ్యత. "ఊకెనే ఇస్తున్నరంటే అసలుది ఇస్తరా" అన్న అనుమానం చదువుకున్న ఇళ్లల్లోనే ఎక్కువగా వినిపిస్తుంది. సర్కారు కొనే టీకాల్లో కొన్నిటిని తయారు చేసేది మన హైదరాబాద్ కంపెనీలే. ఐదు చుక్కలు వేసే రోటావ్యాక్ భారత్ బయోటెక్‌ది. బయొలాజికల్-ఇ ఎన్నో ఏళ్లుగా పెంటావలెంట్ తయారు చేస్తోంది. ఇక్కడ తయారైన టీకాలే వేరే దేశాలకూ వెళ్తాయి. ధర లేకపోవడానికి కారణం టోకుగా కొనుగోలు చేసి సర్కారే డబ్బు కట్టడం.

నాణ్యత చెడేది ఫ్యాక్టరీలో కంటే దారిలో. ఆరోగ్య కేంద్రానికి చేరాక టీకాలన్నీ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో మన ఎండలు చూసి జనం వేడికి భయపడతారు. అది పోలియో చుక్కల విషయంలో నిజమే, ఎండకు తొందరగా చెడేది అదే. పెంటా, హెపటైటిస్-బి, డీపీటీ, టీడీ, పీసీవీలకు మాత్రం అసలు గండం గడ్డకట్టడం. డీప్ ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను అట్లనే వ్యాక్సిన్ క్యారియర్‌లో (టీకాలు మోసుకెళ్లే చల్లని పెట్టె) పెడితే దాన్ని ఆనుకున్న సీసా గడ్డకడుతుంది. లోపలి అల్యూమినియం లవణం పలుకులు కడుతుంది, మందు బలం పోతుంది, సూది వేసిన చోట గడ్డలు లేచే ప్రమాదమూ పెరుగుతుంది. అందుకే ఐస్ ప్యాక్‌లను బయటపెట్టి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే క్యారియర్‌లో సర్దాలి. ఒక క్యారియర్‌కు నాలుగు ప్యాక్‌లు.

తల్లిదండ్రులు ఇదంతా పరీక్షించలేరు గానీ మూడు సంగతులు చూడొచ్చు, అడగొచ్చు. సీసా మీద గుండ్రని గుర్తు ఉంటుంది, దాని లోపలి చదరం బయటి వలయం కన్నా లేత రంగులో ఉండాలి. సమానమైనా, ముదిరినా ఆ సీసా వాడకూడదు. బీసీజీ, ఎంఆర్ పొడి మందులు. ద్రావకంతో కలిపిన గంట సీసా మీద రాసి ఉండాలి, కలిపాక నాలుగు గంటలు దాటితే పారేయాలి. ఈ నాలుగు గంటల నియమం చిన్నది కాదు. కలిపిన ఎంఆర్‌ను పొద్దు పోయేదాకా వాడితే అందులో క్రిములు పెరిగి పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది. ఇక సిరంజి. ఒకసారి నొక్కితే మళ్లీ వెనక్కి రాని రకం, మీ కళ్ల ముందే ప్యాకెట్ చించాలి. ఈ మూడింటిలో సర్కారు సెషన్ పద్ధతి పక్కాగా ఉంది. అడిగితే సీసా చూపిస్తారు కూడా. కాకపోతే మర్యాదగా, "మేడమ్, ఒక్కసారి చూస్తనే" అని అడగాలి. నిలదీస్తే ఎవరికైనా కోపమొస్తుంది.

ఇక్కడే ఒక లోపం. బీసీజీ సీసాలో చాలా మోతాదులుంటాయి, ఎంఆర్ సీసాలో అయిదో పదో. ఒక్క పిల్ల కోసం తెరిస్తే మిగతాది నాలుగు గంటల్లో వృథా. అందుకని "ఇంకా పిల్లలు రాలే, వచ్చే బుధవారం రాన్రి" అని పంపేయడం ఉంది. నిజానికి ఒక్క పిల్ల వచ్చినా సీసా తెరవాలన్నదే మార్గదర్శకం. మందు వృథా అయితే పోయేది కొన్ని రూపాయలు, తిప్పి పంపితే పోయేది నమ్మకం. మిర్చి ఏరే కూలి వదులుకుని వచ్చిన తల్లికి ఒక పూట కూలి ఎంతో తెలుసు. ఆమె వెళ్లి ఇంట్లో చెప్పేది "మందు లేదన్నరు" అని. ఆ మాట రెండిళ్లు దాటేసరికి "మందు అయిపోయింది, పాతది ఏస్తున్నరు" అవుతుంది.

టీకా వేశాక ఏఎన్‌ఎం తల్లికి నాలుగు మాటలు చెప్పాలి: ఇప్పుడు వేసిన టీకా ఏది, దేనికి; మళ్లీ ఎప్పుడు రావాలి; ఏ ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి; కార్డు భద్రంగా పెట్టి ప్రతిసారీ తేవాలి. తర్వాత అరగంట అక్కడే కూర్చోబెట్టాలి. శిక్షణలో ఇది కంఠతా పట్టిస్తారు. రద్దీ రోజున ఈ నాలుగింటిలో నికరంగా వినిపించేది రెండోది ఒక్కటే, అది కూడా కార్డు మీద తేదీ రాసి చేతికివ్వడం వరకే. మూడోది ఎగిరిపోతుంది. ఇంట్లో నమ్మకాలు అల్లుకునేది సరిగ్గా ఆ మూడో మాట లేని ఖాళీలోనే.

జరం సంగతి తీసుకుందాం. పెంటావలెంట్‌లో కోరింత దగ్గు అంశం పూర్తి కణంతో చేసింది. దానికి ఒంట్లోని రక్షణ వ్యవస్థ గట్టిగా స్పందిస్తుంది, అందుకే వేసిన రోజు రాత్రో మర్నాడో జరం, తొడ వాపు, చిరాకు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈ ముక్క ముందే చెప్తే జరం ఊహించిందే అవుతుంది. చెప్పకపోతే "మంచిగున్న పిల్లకు సూదేసి జరం తెప్పించిన్రు" అవుతుంది, 10 వారాల సూదికి ఆ ఇల్లు రాదు. ప్రైవేటు క్లినిక్‌లలో నొప్పి లేని టీకా పేరుతో అమ్ముతున్నది కణంలోని కొన్ని భాగాలతో మాత్రమే చేసింది. జరం తక్కువ, నిజమే. దాని రక్షణ కొన్నేళ్లలో త్వరగా తరుగుతుందన్నదీ నిజమే. ఆ రెండో వాక్యం అమ్మే చోట తక్కువ వినిపిస్తుంది.

జరం మందు దగ్గర తప్పులు చాలా జరుగుతాయి కాబట్టి లెక్క చెప్పుకుందాం. పారాసిటమాల్ కిలో బరువుకు 10 నుంచి 15 మి.గ్రా., ఆరు గంటలకు తక్కువ కాని ఎడంతో, రోజుకు నాలుగుసార్లు మించకుండా. అయిదు కిలోల పాపకు 50 నుంచి 75 మి.గ్రా. డ్రాప్స్ సీసాలో ఒక మి.లీ.కి 100 మి.గ్రా. ఉంటే అర మి.లీ. నుంచి ముప్పావు మి.లీ. చాలు. సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా. ఉంటే 2 నుంచి 3 మి.లీ. ఈ రెండు సీసాలు తారుమారు చేసి డ్రాప్స్‌ను 3 మి.లీ. పోస్తే 300 మి.గ్రా. లోపలికి పోతుంది. పెద్దపిల్లల సిరప్ 250 మి.గ్రా.ది ఇంట్లో ఉంటుంది, అది వేరు. సీసా మీది అంకె చదివి, పాప బరువు చెప్పి, ఎన్ని మి.లీ. అన్నది ఏఎన్‌ఎంతో కార్డు మీద రాయించుకోండి. మాత్ర ఇస్తే దాని పేరు చదివి తీసుకోండి. 2019 మార్చిలో హైదరాబాద్‌లో టీకాల తర్వాత జరం మాత్రకు బదులు ట్రమడాల్ అనే నొప్పి మాత్ర ఇవ్వడంతో పసిపిల్లలు చనిపోయారు. టీకా మంచిదే, చంపింది మాత్ర. ఊళ్లలో మాత్రం అది టీకా మరణాలుగానే ఇప్పటికీ గుర్తుండిపోయింది. అట్లా గుర్తుపెట్టుకున్న తల్లిని మూర్ఖురాలు అనడం అన్యాయం. ఆమెకు ఆ తేడా చెప్పిన మనిషి లేడు.

జరం రెండు రోజులు దాటినా, పాప మూడు గంటలకు మించి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా ఆలస్యం చేయకుండా దవాఖానకు. వాపు మీద చల్లని తడి గుడ్డ వేయాలి. కాపడం పెట్టడం, పసుపు రాయడం, రుద్దడం వద్దు. బీసీజీ వేసిన ఎడమ భుజం మీద కొన్ని వారాల తర్వాత పొక్కు లేచి, పగిలి, మచ్చ పడుతుంది. దానికి మందు పూయకుండా వదిలేయాలి. మచ్చ పడకపోయినా మళ్లీ వేయించాల్సిన పని లేదు. పోలియో చుక్కలు వేశాక అరగంట పాలు పట్టొద్దనే మాట ఊరూరా ఉంది, వెంటనే పట్టొచ్చు. టీకా రోజు నీళ్లు పోయకూడదనే పట్టింపు ఉంటే ఉండనివ్వండి. దాంతో నష్టం లేదు, అన్ని నమ్మకాలతోనూ కొట్లాడాల్సిన పని లేదు.

కొట్లాట అవసరం లేకుండా నేర్పుగా నడవాల్సిన చోటు అమ్మవారు. ఒంటి మీద తట్టు లేస్తే అమ్మవారు పోసిందంటారు. వేపాకు కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, సూది, మందు దగ్గరికి రానివ్వరు. ఇది దేవత పట్ల భక్తి, భయం కలిసిన ఆచారం. ఎగతాళి చేస్తే తలుపు మూస్తారు. తట్టు గాలి ద్వారా అంటుకునే జబ్బు. ఒకరి నుంచి, టీకా లేనివాళ్లలో, 12 నుంచి 18 మందికి పాకగలదు. న్యుమోనియా, విరేచనాలు, కంటిచూపు పోవడం దాని వెనకే రావచ్చు. వేపాకుతో గొడవ లేదు, కానీ తట్టు వచ్చిన బిడ్డకు విటమిన్-ఎ రెండు రోజులు వరుసగా పడాలి (ఏడాది దాటితే రోజుకు 2 లక్షల యూనిట్లు, ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు లక్ష). ఎగశ్వాస వస్తే పూజ ఇంట్లోవాళ్లు చేస్తారు, బిడ్డ ఎంజీఎంకు (వరంగల్ పెద్ద సర్కారు దవాఖాన) వెళ్లాలి. ఇట్లా రెంటికీ చోటిచ్చి మాట్లాడే ఆశా కార్యకర్తలు ఉన్నారు. సేవలో మెచ్చుకోదగ్గ భాగం అదే.

ఎంఆర్ సూదిలో ఇంకో చిక్కు ఉంది. అది బతికున్న, బలహీనపరిచిన వైరస్‌తో చేసింది కాబట్టి వారం, పది రోజులకు కొందరు పిల్లలకు జరంతో పాటు సన్నని దద్దుర్లు లేస్తాయి. రెండు మూడు రోజుల్లో పోతాయి. పెంటా జరానికి అలవాటుపడిన తల్లి మొదటి రెండు రోజులు చూసి నిశ్చింతగా ఉంటుంది. తీరా వారం తర్వాత దద్దుర్లు లేస్తే "సూదేసినందుకు అమ్మవారికి కోపమొచ్చింది" అని నాయినమ్మ తేల్చేస్తుంది. ఇక రెండో మోతాదు గోవిందా. తొమ్మిదో నెలలో వేసిన మొదటి ఎంఆర్ పిల్లల్లో సుమారు 85 శాతం మందికే తట్టు నుంచి రక్షణ ఇస్తుంది. మిగిలినవాళ్లను పట్టుకోవడానికే 16 నెలల తర్వాత రెండోది. "వారం తర్వాత సన్నగా లేవొచ్చు, భయపడకున్రి" అన్న ఒక్క వాక్యం కార్డు మీద తెలుగులో ముద్రించి ఉంటే బాగుండేది.

2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ల దాకా అందరికీ ఎంఆర్ ప్రచారం జరిగినప్పుడు బడులకు అనుమానాలు ఎందుకొచ్చాయో తెలియాలంటే మన పక్కనున్న ఖమ్మం వైపు చూడాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ ఆధ్వర్యంలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు సంబంధించిన హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో హాస్టళ్లలో ఉన్న గిరిజన పిల్లలు చాలామంది. టీకా తీసుకున్న కొందరు బాలికలు ఆ తర్వాత చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం కనపడలేదని విచారణలో తేలింది. అయితే చాలాచోట్ల సమ్మతి పత్రాల మీద కన్నవాళ్లకు బదులు వార్డెన్లు సంతకాలు చేశారని బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. "మా పిల్లల మీద ప్రయోగం చేస్తున్నరు" అనే మాట గాల్లోంచి పుట్టింది కాదని చెప్పడానికే ఇదంతా. బడిలో టీకా వేసేటప్పుడు సమ్మతి పత్రం తెలుగులో, రెండు రోజుల ముందు, ఇంటికి పంపాలి. సంతకం కోసం పిల్లల చేత పరుగులు పెట్టిస్తే పాత అనుమానం మళ్లీ లేస్తుంది.

పోలియో చుక్కలతో పిల్లలు పుట్టరన్న పుకారుకు ఆధారం లేదు. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిది. అంతకుముందు చుక్కలు వేసుకున్న ఆడపిల్లలు ఇప్పుడు తమ పిల్లలను ఎత్తుకుని అదే కేంద్రానికి వస్తున్నారు. టీకాల వల్ల ఆటిజం (పిల్లల మాట, మెలగడంలో తేడా) వస్తుందన్న భయానికి మూలం 1998లో లండన్ పత్రిక లాన్సెట్‌లో వచ్చిన ఒక వ్యాసం, దాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. ఈ భయం పట్నంలో, ఇంజినీర్ల ఇళ్లలో ఎక్కువ. తండాల్లో దీని పేరే వినపడదు.

అన్నిటికంటే ఎక్కువ టీకాలు తప్పించేది మాత్రం జలుబు. ముక్కు కారుతుంటే, కొంచెం దగ్గుంటే, బరువు తక్కువుంటే వద్దంటారు. దీంట్లో ఇంటివాళ్లే కాదు, సిబ్బంది కూడా "తగ్గినాక తీస్కరా" అంటూ వంత పాడతారు. మామూలు జలుబు, తేలికపాటి విరేచనాలు, సన్నని జరం టీకాకు అడ్డం కావు. బలహీనంగా ఉన్న బిడ్డకే టీకా ముందు కావాలి. ఆపాల్సింది ఆసుపత్రిలో చేరాల్సినంత జబ్బు ఉన్నప్పుడు, లేదా కిందటి మోతాదుకు ఒళ్లంతా ఉబ్బి ఊపిరాడనంత అలర్జీ వచ్చినప్పుడు. పెంటా తర్వాత వారంలో మెదడుకు సంబంధించిన తీవ్ర జబ్బు వస్తే కోరింత దగ్గు టీకా మళ్లీ వేయకూడదు. ఆ నిర్ణయం డాక్టర్‌ది.

మన దగ్గరి ఆచారం ఒకటి షెడ్యూల్‌తో సూటిగా తలపడుతుంది. తొలి కాన్పు తల్లిగారింట్లో. ఇరవయ్యొకటో రోజు తొట్టెల, మూడో నెలలోనో అయిదో నెలలోనో అత్తగారింటికి. 6, 10, 14 వారాలు సరిగ్గా ఈ రాకపోకల మధ్య పడతాయి. నర్సంపేటలో పేరుంది, బిడ్డ పరకాలలో ఉంది. ఇక్కడి ఆశా అక్కడ వేయించారనుకుంటుంది, అక్కడి ఆశా తన లెక్కలో లేదనుకుంటుంది. ఏ ఊరి కార్డు ఉన్నా ఏ సర్కారు కేంద్రంలోనైనా వేయాలి, వేస్తారు. 2024 అక్టోబర్ నుంచి దేశమంతటా వచ్చిన యూ-విన్ అనే సర్కారు ఆన్‌లైన్ టీకా నమోదులో ఫోన్ నంబర్ మీద పిల్లల పేరు నమోదైతే ఎక్కడ వేయించినా రికార్డు ఒకచోట కనపడుతుంది, సర్టిఫికెట్ దిగుతుంది. ఆలోచన మంచిది. కాన్పప్పుడు అమ్మమ్మ ఇంటి నంబర్ ఒకటి, తర్వాత నాన్న నంబర్ ఒకటి ఇస్తే ఒకే బిడ్డ ఇద్దరై కూర్చుంటుంది. మొదటి రోజు నుంచి ఒకే నంబర్ చెప్పండి. కాగితం కార్డు పారేయకండి.

ఆలస్యమైందని మొదటి నుంచి మొదలుపెట్టాలని ఎవరన్నా అంటే నమ్మొద్దు. ఆగిన చోటు నుంచే, కనీసం నాలుగు వారాల ఎడంతో కొనసాగిస్తారు. పెంటా, రోటావైరస్ మొదటి మోతాదు ఏడాది లోపు మొదలవ్వాలి. ఎంఆర్ అయిదేళ్ల దాకా, డీపీటీ ఏడేళ్ల దాకా వేయొచ్చు.

డబ్బు మాట కూడా చెప్పాలి. సర్కారు దవాఖానలో కాన్పయితే ఇచ్చే కేసీఆర్ కిట్ 2017 జూన్‌లో మొదలైనప్పుడు మగబిడ్డకు 12 వేలు, ఆడబిడ్డకు 13 వేలు విడతలుగా పెట్టి, అందులో రెండు వేలు మూడున్నర నెలల టీకాలకు, మూడు వేలు తొమ్మిది నెలల టీకాలకు ముడిపెట్టారు. తెలివైన లెక్క. అత్తమామల అనుమానం కన్నా విడత డబ్బు బలమైనదని అది పట్టుకుంది. లోటు ఎక్కడంటే విడతలు తొమ్మిదో నెలతో అయిపోయాయి. 16 నెలల బూస్టర్‌కు, రెండో ఎంఆర్‌కు ఏ విడతా పెట్టలేదు. అప్పటికి బిడ్డ నడుస్తుంటుంది, ఆరోగ్యంగా ఉంటుంది, తొందర ఎవరికీ ఉండదు. ఈ సేవలో గుర్తుచేసే ఫోన్ అవసరమయ్యేది అప్పుడే.

ప్రైవేటుతో పోలిస్తే? అక్కడ కుర్చీ ఉంటుంది, డాక్టర్ ఉంటారు, ప్రశ్న అడిగే తీరిక ఉంటుంది. గవదబిళ్లలు, ఆటలమ్మ, టైఫాయిడ్, హెపటైటిస్-ఎ టీకాలు సర్కారు జాబితాలో లేవు, అవి అక్కడ దొరుకుతాయి. ఆరు జబ్బులకు కలిపిన సూది, పీసీవీ వంటివి ఒక్కో మోతాదుకు వేలల్లో పడతాయి. ఖరీదైనది కాబట్టి పూర్తి రక్షణ అనుకుని మొదటి రెండు వేయించి, మూడోదానికి డబ్బు సర్దక ఆగిపోవడం అన్నిటికన్నా నష్టం. జాబితాలో ఉన్నవన్నీ సర్కారులో వేయించి, స్తోమత ఉంటే అదనపువి మాత్రం బయట కొనడం తెలివైన దారి. రెండు చోట్లా ఒకే కార్డు చూపించండి. మెడికల్ షాపులో టీకా కొని, ప్లాస్టిక్ కవర్లో ఐస్ ముక్కతో తెచ్చి ఎవరితోనో వేయించుకోవడం అస్సలు వద్దు. ఆ ఐసే పెంటాను పాడుచేయొచ్చు.

ఏటూరునాగారం, తాడ్వాయి వైపు గూడేల్లో పరిస్థితి వేరు. వాగులు పొంగితే ఏఎన్‌ఎం క్యారియర్ భుజాన వేసుకుని నడిచే చోట్లున్నాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గొత్తికోయల గూడేల్లో చాలామందికి తెలుగు అర్థం కాదు. అక్కడ మాట్లాడే తీరుకు మార్కులు వేయాలంటే ఆ భాష వచ్చిన ఆశా ఉందా లేదా అన్నదే కొలత. ఆ సిబ్బందికి మేం పట్నం కేంద్రాల కన్నా ఎక్కువే వేస్తాం.

వెళ్లేవాళ్లకు: పొద్దున తొందరగా వెళ్తే ఎంఆర్, బీసీజీ సీసా తెరిచే అవకాశం ఎక్కువ, ఎండా తక్కువ. కార్డు, ఫోన్, పాప బరువు, వదులైన చొక్కా. తొడలు తెరవడానికి వీలుండాలి. బుధవారం పండుగ సెలవు పడితే సెషన్ ఏ రోజుకు మార్చారో ముందు రోజే ఆశాకు ఫోన్ చేసి కనుక్కోండి. ఇంట్లో వద్దంటున్న మనిషి ఎవరో, నాయినమ్మ అయినా, తాత అయినా, వాళ్లనే వెంట తీసుకెళ్లండి. అరగంట కూర్చునేది ఎట్లాగూ తప్పదు. ఆ అరగంటలో వాళ్ల ప్రశ్న వాళ్లనే ఏఎన్‌ఎంను అడగనివ్వండి.